అడుగు

రిమోటు పడవకని రెండు మోటర్లు ముందే కొన్నాను.
"నాడా దొరికిందని గుర్రం కొంటావా?"
ఆటోనగర్‌లో బస్సులకి ఫైబర్ వేసే ఖాసింపీరా నవ్వాడు.

అతని షెడ్డులో మూడడుగులు బోర్లించి ఉన్నాయి.

మొదటిది చేప రొమ్ములా కోసుగా.
అలని చీలుస్తుంది, కానీ
రెండు మోటర్లూ పక్కపక్కన ఇరుక్కుని
ఒకదాని వేడి ఒకదానికి.
రెండోది పీట. పీటంత చదును.
బందరు కాలవ మీద గాలి లేస్తే తిరగబడుతుంది.
మూడోది రెండు డొప్పలు, మధ్యన ఖాళీ.
ఒక్కో డొప్పకి ఒక్కో మోటరు.
చుక్కాని అక్కర్లేదు,
ఏది నెమ్మదిస్తే అటు తిరుగుతుంది.

మూడింటినీ అరచేత్తో నిమిరాను.
పొడి చేతికేం తెలుస్తుంది?

ఆదివారం కృష్ణలంక రేవులో
వల బాగుచేసుకుంటున్న నాంచారమ్మని అడిగాను,
ఏ అడుగు మంచిదని.
తలెత్తకుండానే,
"నన్నెందుకు, నీళ్ళనడుగు" అంది.

జంట డొప్పలదాన్ని వదిలాను.
నలభై గజాలు బాగానే పోయింది.
గుర్రపుడెక్క వేరొకటి
ఎడమ మోటరు మెడకి చుట్టుకుంది.
కుడిది ఆగలేదు.
ఎడమకే సున్నాలు చుడుతూ,
ప్రతి సున్నాకీ కాస్త కిందికి కొట్టుకుపోతూ,
చివరికి మెట్ల దగ్గరికొచ్చింది.

మోకాటి లోతు దిగి
తడి చేత్తో దాని అడుగు పట్టుకున్నాను.
ఒక పక్క చల్లగా,
ఒక పక్క ఇంకా వణుకుతూ.