పదకొండు

కాగితం నేనే అంటించిన
టికెట్ల కిటికీ పక్కన, అన్నం మెతుకులతోని.
"ప్రయాణికుల ఆదరణ తక్కువగా ఉన్నందున
ఉదయం ఏడు నలభై ప్యాసింజరు
తాత్కాలికంగా రద్దు."
ఎప్పటిదాకన్నది రాయలే.

ఎర్రగుట్ట హాల్టు మాది.
ఒక రేకుల రూము, రెండు సిమెంటు బెంచీలు,
పసుపు పలక మీద ఊరి పేరు
(ఒక ఒత్తు ఎండకు రాలిపోయింది).
నేను సర్కారు నౌకరిని గాను.
జడ్చర్లల టికెట్లు కొనుక్కొచ్చి
కమీషన్ మీద అమ్ముకునేటోన్ని.
బండి నిలిచేది ఒక్క నిమిషం.
దానికోసం రోజు రెండుమాట్ల ఊడుస్త.

ఈ పొద్దు కుర్మమ్మ
మోదుగాకు ఇస్తార్ల కట్ట దించి
పట్టాల దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.
"లేటా?"
"రాదు."
"రాదంటే, ఎంత లేటు?"

ఉసేనప్ప వారానికి మూడు మాట్ల
పాలమూరు దవాఖానకు రక్తం కడిగించుకోను పోతడు.
ఆటోకైతే పోనూ రానూ నాలుగు నూర్లు.
ఇగ రెండు మాట్లే పోతనన్నడు,
బీడీ కట్ట ధర పెరిగిందన్నంత మామూలుగ.

పాలిటెక్నిక్ చదివే తండా పిల్ల రోజా
కాగితం రెండుసార్లు చదివింది.
"తక్కువున్నమని ఎవరు లెక్కవెట్టిన్రన్నా?"
"పెద్దాఫీసోళ్లు" అన్న.

అబద్ధం.
ఆ లెక్క నా చేతిరాత.
నెల నెల రిజిస్టర్ల నేనే నింపిన -
పదకొండు, తొమ్మిది, పదకొండు,
ఆషాఢంల ఏడు.

కుర్మమ్మను ఏనాడు పైసలడగలే.
"ఎక్కవ్వా, ఎవడు చూస్తడు" అన్న.
చేతికి సూదుల పట్టీ ఉన్న మనిషి కాడ
పది రూపాయలు ఎట్ల తీసుకుంట?
పిల్లలు పాసు మరిచినమంటే
ఉరకుండ్రి ఉరకుండ్రి అని
గార్డు దిక్కు నేనే చెయ్యి ఊపిన.
ముప్పై మంది ఎక్కుతుండె. సంతనాడు యాభై.
నా మంచితనమంతా
కాగితం మీద ఖాళీ గడులై
ఏడాదికేడాది పైకి పోయింది.

ఎనిమిది దాటినంక ఎక్స్‌ప్రెస్ వచ్చింది.
అది ఎప్పుడూ నిలవదు.
దాని గాలికి ఇస్తరాకులు నాలుగు
ప్లాట్‌ఫారం పొడుగునా దొర్లినయి.
ఏరుకుంట ఏరుకుంట
కుర్మమ్మకు ఉన్నది చెప్పిన.

తిట్టలే.
కొంగు ముడి ఇప్పింది.
"ఇన్నేండ్లవి గూడ కలిపి
టికెట్లు కొయ్యి బిడ్డా.
గప్పుడొస్తదా?"

ఎన్నేండ్లో, వారానికెన్ని మాట్లనో -
రూముల కూసోని శానాసేపు ఏసిన.
తెగలే లెక్క.