పాదం కొలత

ఫిబ్రవరి నుంచీ మంచం కింద
నోరు తెరుచుకుని ఒక పెట్టె.
వారం వారం ఏదో ఒకటి మింగుతుంది:
కాఫీ పొట్లం, దగ్గుమందు, అక్క అడిగిన కత్తెర.

నదోర్‌లో మా యామినా అక్క
కొడుకు పాదాన్ని కాగితం మీద పెట్టి
చుట్టూ పెన్సిల్ గీత గీసి
ఇటు వస్తున్న వాళ్ళ చేతికిచ్చి పంపింది.
బొటనవేలి దగ్గర గీత వంకరపోయింది.
"చక్కిలిగింతే, నిలబడితేనా!" అంది ఫోన్లో.

చికోరీ ఏరే పని దిగి, అవే మట్టిగోళ్ళతో
మెఖెలెన్ బజారంతా తిరిగాను.
కాగితం పాదాన్ని బూటులో దూర్చి చూస్తుంటే
దుకాణంలో అమ్మాయి నవ్వలేదు.
ఒక సైజు పెద్దదే తీసుకోమంది.

అల్లాల్ రాత్రిళ్ళు వ్యాను కింద దూరతాడు.
కాళ్ళు మాత్రం బయటికి.
రెండు వేల కిలోమీటర్ల పైమాట, ఆ తర్వాత ఓడ.
"ఈ ఏడు బ్రేకులు నా మాట వింటాయి" అంటాడు.
పోయినేడూ అదే అన్నాడు.

నుమీదియా గోడ మీద రోజులు కొట్టేస్తోంది.
ఆగలేక ఒక్కోసారి రెండేసి.
దాని లెక్కన మేం మొన్ననే చేరిపోయాం.

జూన్‌లో అక్క మళ్ళీ ఫోన్:
"మిమూన్త్, వీడి కాలు పెరిగిపోయిందే!"

ఆ బూట్లు తొడుక్కుని మా మాసిన్ బడికి పోయాడు.
పెట్టెలో వాటి చోటు అలాగే వదిలేశాను,
తువ్వాలు కూడా కుక్కలేదు.
అక్కడే కొంటాం, వాణ్ణి వెంటబెట్టుకెళ్ళి,
కాలు నా ఒళ్ళో పెట్టుకుని.

కాగితం పర్సులోనే ఉంది,
చలికాలం నాటి పాదం
బొటనవేలి దగ్గర ఇంకా కదులుతూ.