ఆరున్నొకటి

మా బొరివంక తోటల్లో
కొబ్బరికాయలు లెక్కెట్టేటప్పుడు ఒకటి అనరు.
లాభం అంటారు.
లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.
ఆ తర్వాతదాన్ని ఏడు అనరు,
కళ్లంలో ఏడుపు మాటెందుకని
ఆరున్నొకటి అంటారు.
పదమూడో ఏట పట్టుకున్నాను ఈ లెక్క.
కాయ నేల మీద పడ్డ చప్పుడుకే
నోరు దానంతటదే తిరిగేది.

నేను పడ్డప్పుడు ఎవరూ లెక్కెట్టలేదు.
తుఫానుకి ఒరిగి, చావకుండా మిగిలిన చెట్టు.
మట్ట సందులో కందిరీగల తుట్టె.
ఇంతే. ఎక్కువ చెప్తే దాలమ్మకి కోపం.
అప్పట్నుంచి మెడ పైది నాది,
మెడ కిందది ఊరందరిదీ.
తిప్పేవాళ్లది, తుడిచేవాళ్లది,
"కదిలిందేటి బావా?" అని
బొటనవేలు గిచ్చి చూసేవాళ్లది.

కంచిలి సెల్ షాపు తిరినాదు వచ్చాడు.
ఊతకర్ర గోడకానించి,
మంచం కోడుకి ఇనప చువ్వ వంచి బిగించి,
దాని కొసన నా మొహానికెదురుగా ఫోను తగిలించాడు.
"ఇకనించి నీ నోరే నీ వేలు మావా."
తెర మీద బొమ్మబొమ్మకీ ఒక అంకె మొలిచింది,
సంతలో పశువుల కొమ్ములకి చీటీలు కట్టినట్టు.
కావలసినదాన్ని అంకెతో పిలవాలట.
పిలిచాను.
"లాభం."
ఫోను కాసేపు ఆలోచించింది.
కోటు తొడుక్కున్న ఎవడో తెర మీదకొచ్చి
వ్యాపారంలో రాబడి పెంచుకోడమెలాగో
చెప్పడం మొదలెట్టాడు.
"ఒరే, ఆపరా బాబూ!" అంటే ఆగడు.
"ఆపు" అనాలట, విడిగా, బడిపంతుల్లాగ.
దాలమ్మ నవ్వింది.
నేను పడ్డాక ఆ ఇంట్లో
పళ్లు కనపడేలా ఎవరైనా నవ్వడం అదే.

"ఆరున్నొకటి" అన్నాను.
ఆరో బొమ్మ తెరిచింది, మూసింది,
ఒకటోది తెరిచింది.
నా మొహం నాకే చూపించింది.
గడ్డమంతా నెరిసిపోయి ఉంది.
ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

మనుషుల్ని పిలిచే బొమ్మకి పడ్డ అంకె ఏడు.
మా అమ్మ పెదాల మీద కొట్టి మాన్పించిన మాట.
రెండ్రోజులు అనలేదు.
మూడో రాత్రి రేకుల మీద వాన.
దాలమ్మ వంటింట్లో చాప మీద పడుకుంది.
చెవిలోకి చీమ పాకుతోంది.
నా కేక గుమ్మం దాటదు.
నోటికి జానెడు దూరంలో మాత్రం
ఆ అద్దం మేలుకుని ఉంది.
"ఏడు" అన్నాను.
తర్వాత ఆమె పేరు పక్కనున్న అంకె అన్నాను.
వంటింట్లో ఫోను మోగింది.
"ఎవరూ?" అంది నిద్రగొంతుతో.
"నేనేనే. చీమ."
ఇరవయ్యారేళ్ల కాపరంలో
ఆమెకి నేను చేసిన మొదటి ఫోను అది.

ఇప్పుడు కవిటిలో నీలాచలం సావుకారు కొట్టుకి
కాయల లెక్క నాదే. లోడుకి రెండొందలు.
పొద్దున్నే అక్కడి గుంటలు ఫోను పెట్టి
కుప్పలోంచి కాయలు విసురుతూ అరుస్తారు.
కాయకి కాయ తగిలే చప్పుడు కూడా వినిపిస్తుంది.
ఆ చప్పుడుకి నా భుజాల్లో ఏదో లేస్తుంది,
లేవదని డాక్టరు చెప్పినా.
వాళ్లు లాభం అంటే
నేను నా ఫోనుకి ఒకటి అంటాను.
ఆరున్నొకటి అంటే
ఏడు అంటాను.
అరగంటలో ఎన్నిసార్లంటానో.
అమ్మ ఉంటే పెదాలు వాచిపోయేవి.

నిన్న ఒక కాయ తక్కువొచ్చింది.
సావుకారు గుంటల్ని తిట్టాడు.
గుంటలు కుప్పంతా మళ్లీ లెక్కెట్టారు, ఎండలో.
తప్పు వాళ్లది కాదు.
గాలికి మట్టలు ఊగే చప్పుడు వింటూ
పరధ్యానంలో ఒక్కసారి
లాభం అన్నాను.
అది రాసుకోలేదు.