రెండు నిమిషాలు

రెండు నిమిషాలన్నా, మలుపు కాడనే ఉన్న —
ఇరవై రెండేండ్ల సంది ఇదే అబద్ధం.
గిరాకి ఫోన్ చేసినప్పుడు నేను మెట్టుగూడల ఉంట,
ఆయన సీతాఫల్‌మండిల ఎండకు నిలబడి ఉంటడు.
నోటికి అలవాటైన మాట,
మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడ అదే వచ్చింది:
రెండు నిమిషాలు, ప్రభువా.

కరుణమ్మ టీచర్ సంగతి చెప్త.
బౌద్ధనగర్ల ఒక్క అర్ర ఇల్లు.
ఆదివారం బడిల మాకు
రంగు కాగితాలు కత్తిరించి చుక్కలు చేసిచ్చేది.
వానకాలం ఒకనాడు, రాత్రి,
ఉప్పల్ కాడ బండికి గ్యాస్ కొట్టిస్తుంటే
ఊరికెనే ఆమె యాదికొచ్చింది.
యాదికొచ్చుడు కాదు,
ఎవరో భుజం మీద చెయ్యేసి
పో అన్నట్టు.

పోత అన్న. పోనన్లేదు నేను.
గదే నా తెలివి, ఎన్నడు పోనని అనను.
తార్నాక గిరాకి ఒకటి చూస్కొని పోత,
పొద్దుగాల పోత, కిస్తు కట్టినంక పోత,
ఉత్త చేతుల్తోని ఏం పోతం, పండ్లు కొనుక్కొని పోత.
నాలుగోనాడు యాపిల్ పండ్లతోని పోతే
గల్లీకి అడ్డంగ షామియానా.
బండి బయటనే ఆపాల్సొచ్చింది.

లోపల, మంచం పక్కన గోడకు
పెన్సిల్‌తోని రాసిన నా నంబరు.
చివరి అంకె తప్పు.
ఆమె చేసే ఉంటది.
రాంగ్ నంబరని ఎవరో పెట్టేసి ఉంటరు.
ఫోన్ల రాలేని పిలుపు
ఇంకో తొవ్వల నా దాక వచ్చింది.
గ్యాస్ బంకు లైను దాటుకొని, వాన దాటుకొని,
సరైన మనిషి కాడికే వచ్చింది.
నేను దానికి టైం చెప్పిన.

ఆలస్యం అమృతం విషం అంటరు గని
నాది విషం కూడ కాలే.
సంచి అట్లనే ఇంటికి తెస్తే
పిల్లలు తిన్నరు, తియ్యగున్నయన్నరు.

లోబడుడంటే మొదలు వినుడు
అంటడు మా పాస్టరయ్య.
విననిదెప్పుడయ్యా?
చెవులు మంచిగనే ఉన్నయ్ నాకు.
ఆలస్యమయ్యేది కాళ్ళ కాడ.

మొన్న శుక్రవారం
ఆలుగడ్డబావి కాడ ఇరానీ హోటల్ల
చాయ్ సగం తాగిన.
జబ్బార్ యాదికొచ్చిండు.
ఏడాదైంది మాటల్లేక.
స్టాండుల లైను కాడ లొల్లి,
అంగీ గల్లలు పట్టుకున్నం.
సచ్చినా వాని ముఖం చూడొద్దనుకున్నోన్ని.
అయినా, పో అన్నది.
రెండు ని... దాక వచ్చింది నోట్లె.
మింగిన.
గిలాస పెట్టి లేచిన.
ఎందుకని అడగలే.
అడిగితే మళ్ళ కూసుంటనని ఎరుక.

వారాసిగూడల కరెంటు లేదు.
గడప మీద కూసున్నడు, చీకట్ల, ఉత్త బనీను మీద.
క్యా మియా, ఇత్నీ రాత్ కో?
తెల్వదు భాయ్, అన్న.
నిజంగనే తెల్వదు.
గల్లీల చూస్తే వాని బండి లేదు.
ఫైనాన్సోళ్ళు పట్కపోయి పదిరోజులైందట.
ఇద్దరం ఊకున్నం.
ఎక్కడో జనరేటరు కొట్టుకుంటుంది.

పొద్దంత నా బండి నువ్వు తోలు, రాత్రి నేను తోల్త —
నా నోట్లెకెల్లి వచ్చిన మాట విని
నేనే బెదిరిన.
ఇంట్ల విజయకుమారి ఏమంటదో,
నా కిస్తులు ఎట్లెల్తయో,
గివన్ని తర్వాత యాదికొచ్చినయ్.
అప్పటికే తాళంచెవి వాని చేతుల ఉండె.

వాడు ఏడ్వలే. నేను సాక్ష్యం చెప్పలే.
చిలకలగూడ మీదికెల్లి నడుచుకుంట ఇంటికొచ్చిన.
ఆకాశంల వెలుగేం కనబడలే.
సగం తొవ్వల కుడి చెప్పు తెగింది.

మర్నాడు హోటలాయన చాయ్ పైసలడిగిండు.
సగమే తాగిన గద ఉస్తాద్, అంటే,
లేచిపోయింది నువ్వు, చాయ్ కాదు, అన్నడు.
ఇరవై రూపాయలు.
అప్పుడే ఇచ్చిన.