మంచం కింద మొలకలు

మట్టల ఆదివారానికి ఇంకా వారం ఉంది.
బాకిసియా మోకాళ్ళ మీద వంగి
మంచం కింద నుంచి పళ్ళెం లాగింది.
తడిదూది మీద గోధుమ,
వెలుతురెరగని గోధుమ,
జ్వరం తగ్గిన పిల్లాడి జుట్టులా
మెత్తగా, పాలిపోయి, బెత్తెడు లేచింది.

"ఎండ చూస్తే పచ్చబడుతుంది.
పచ్చబడితే సమాధికి పనికిరాదు."
గురువారం రాత్రి ఎర్ర రిబ్బను కట్టి
చర్చిలో, పడుకోబెట్టిన క్రీస్తు పాదాల దగ్గర పెట్టాలి.
ఈ సార్దీనియా ఒడ్డున
వాళ్ళమ్మా అలాగే పెట్టింది, అమ్మమ్మా అలాగే.

కాలియరి నుంచి వచ్చిన పిల్ల, ఇలారియా,
నిమ్మతొక్కల పక్కన రికార్డరు పెట్టుకుని
"ఇది చర్చి కంటే పాతదండీ" అంది.
సముద్రం అవతలి ఆడవాళ్ళు
పగిలిన కుండల్లో విత్తులు చల్లి
మిద్దెల మీద పెంచేవారట.
నాలుగెండలకే వాడిపోతే
గుండెలు బాదుకుంటూ నీళ్ళలో వదిలేవారట
అడోనిస్ కోసం.
అడవిపంది చంపిన కుర్రాడు.

బాకిసియా చెంబు కింద పెట్టింది.
పాదిరీకి ఈ సంగతి తెలుసా అని అడగలేదు.
"ఏడ్చింది తల్లా?"
"కాదు, ప్రేమించినావిడ."
"పెళ్ళామా?"
"కాదండీ."
చాలాసేపు గోడగడియారం ఒక్కటే మాట్లాడింది.

అరవై ఏళ్ళ కింద
సీసం గని కూలి ప్రియామో పోయినప్పుడు
పెట్టె వెనక తల్లి నడిచింది, అక్కలు నడిచారు.
నల్లశాలువా కప్పుకునే హక్కు
బాకిసియాకి ఎవరూ ఇవ్వలేదు.
ఆ సాయంత్రం ఆమె శెనగలు ఏరింది,
ఒక్క రాయీ మిగలకుండా,
ఎవరికీ అనుమానం రాకుండా.

పిల్ల వెళ్ళిపోయాక
అంచు విరిగిన సాసర్లో
ఇంకో గుప్పెడు నానేసింది.

గురువారం పళ్ళెం చర్చికి వెళ్ళింది.
దొన్ ఎఫిసియో ఆశీర్వదించాడు,
ఎప్పట్లానే సగం మాటలు మింగేస్తూ.

శనివారం తెల్లవారకముందు
ఏప్రన్ కింద సాసరు దాచుకుని
రాళ్ళ మీదుగా దిగింది. రిబ్బను లేదు.
మోకాలిదాకా ఏప్రిల్ నీళ్ళు.
మొలకల్ని విడిచిపెడితే
అవి ఆమె దగ్గరికే తిరిగొచ్చాయి.
కాలితో నెట్టింది.
మళ్ళీ వచ్చాయి.
ఏడుపు మాత్రం వెంటనే రాలేదు.
వచ్చాక ఆగలేదు,
ఏళ్ళకేళ్ళు తుప్పుపట్టిన గిలక
ఒక్కసారి తిరిగినట్టు,
ఊరికి వినపడేంత గట్టిగా.

ఇంటికొచ్చి సాసరు కడిగి బోర్లించింది.
రాత్రికి గంటలు మోగుతాయి.
ఇస్త్రీ చేయాల్సిన తెల్లజాకెట్టు ఒకటుంది.