బ్రైటు జబ్బు

దేవరకొండ దవాఖాన అటక మీద
చెదలు సగం తిన్న రిజిస్టరు.
"ఈదమ్మ. నేరడుగొమ్ము. బ్రైటు జబ్బు."
పక్క గడి ఖాళీ.

తాత చెప్పేటోడు:
కంపౌండర్ గౌస్ మియా
ఆమె ఉచ్చ చెంచాల పోసి
దీపం మీద పట్టిండట.
గుడ్డు తెల్లసొన లెక్క గడ్డకట్టిందట.
"ఉప్పు బందు" అన్నడు, అంతే.

మూడు నెలలు
ఉప్పు లేని గట్క.
పొద్దుగాల మొకమంత ఉబ్బి
కండ్లు తెరుసుకోకుంటే
తడిబట్ట పెట్టి రెప్పలు ఇడిపించేటోళ్లు.

బ్రైటంటే వెలుగనుకున్న, బడిల.
కాదట. ఎవరో దొర డాక్టరు పేరట.
తాతకు ఏదీ చెప్పలే.

"అమ్మ కాలు మీద వేలు ఒత్తితే
గుంటవడి అట్లనే ఉండేది.
ఆటనుకొని మళ్ల మళ్ల ఒత్తిన"
అనుకుంట
బొటనవేలు దిక్కు చూసుకునేటోడు.