చింతపిక్క లెక్క

రూపాయి బిళ్ళ ఎగరేశాను. బొమ్మ పడింది.
తొమ్మిదో తరగతి, సముద్రం వైపు కిటికీలు,
చాక్‌పీసుకి కూడా ఉప్పు తేమ.
"మళ్ళీ వేస్తే?" అన్నాను.
"బొరుసే సారూ, బొమ్మ వంతు అయిపోనాది గదా!"
దండాసి మాటకి తరగతంతా తలూపింది.
కుళాయి దగ్గర వరసలో పెరిగిన పిల్లలు,
వంతు తప్పితే బిందెలు పోట్లాడుకునే ఊరు.

నాణేనికి ఏదీ గుర్తుండదని చెప్పడానికి
సగం పీరియడు పట్టింది.
దానికి నిన్న లేదు, వంతు లేదు, మొహమాటం లేదు.
పడిన ప్రతిసారీ
అప్పుడే పుట్టినట్టు పడుతుంది.

బోర్డు మీద అడ్డంగా గీత గీశాను.
కింద, జరగడానికి వీలున్నవన్నీ.
పైన, మనం కోరుకున్నవి.
"పైది ఎంత ఎగిరినా కిందదాన్ని దాటదు" అంటే
నవ్వారు.
నేను నవ్వించడానికి అనలేదు.

అప్పుడు చెయ్యెత్తింది సూరాడ నీలవేణి.
లే అన్నాక కూడా ఎత్తిన చెయ్యి దించలేదు.
"మా అయ్య యేటకెల్తే రెండే గదా సారూ.
ఒస్తాడు. నేదంతే రాడు.
అయితే సగవేనా?"

గది ఆగిపోయింది.
కిటికీ అవతల అల ఒక్కటే ఆగలేదు.

బొబ్బిలి వాణ్ణి నేను.
మా నాన్న వెళ్ళేది తాలూకా ఆఫీసుకి,
వచ్చేది ఆరింటికి, ఆనపకాయ సంచితో.
ఆ రాకకి మా ఇంట్లో ఎవరూ భిన్నం వెయ్యలేదు.

కాదన్నాను. గట్టిగానే అన్నాను.
ఎందుకు కాదో చెప్పబోతే
నోట్లోంచి పాఠ్యపుస్తకం ఊడిపడింది: సమసంభవం.
ఆ మాట చివరి బెంచీ దాకా వెళ్ళలేక
మధ్యలోనే కూలబడింది.

మర్నాడు చింతపిక్కలు పట్టుకెళ్ళాను.
చీల్చి, అరుగు మీద అరగదీసినవి.
లోపలి వైపు తెలుపు, పైవైపు నలుపు.
అష్టాచెమ్మా ఆడని చెయ్యి ఆ గదిలో లేదు.
"దీనికీ రెండే మొహాలు. సగమేనేమో చూడండి."
పదిమంది, తలా పదిసార్లు.
బెంచీల కింద దూరినవి పాకి తెచ్చుకున్నారు,
రెండుసార్లు కొట్టుకున్నారు,
ఒక పిక్క దండాసి జేబులోకి పోయి తిరిగి రాలేదు.
నూటికి అరవై మూడు తెలుపు.

"పిక్కకి ఒల్లు ఒంకర సారూ, అదేటి సేస్తాది!"
అదేరా నాయనా.
దార్లు రెండే అయినంత మాత్రాన
రెండూ ఒకే వెడల్పు అనుకోకూడదు.
పడవకీ ఒళ్ళుంటుంది. గాలికి ఉంటుంది.
చుక్కాని పట్టిన చేతికి ఉంటుంది.
ఎంతెంతో ముందే తెలియదు,
లెక్కపెట్టుకుంటూ పోతేనే తెలుస్తుంది.

"ఎల్లినోల్లని లెక్కెట్టకూడదంతాది మా మామ్మ"
అంది నీలవేణి, నా వైపు చూడకుండా.

నెల తిరిగాక నోటుబుక్కు నా బల్ల మీద పెట్టింది.
దానిలో మడతపెట్టి కిరాణా కొట్టు క్యాలెండరు.
వెళ్ళిన తెల్లవారుజామున గీత,
వచ్చాక ఆ గీత చుట్టూ సున్నా.
వేట నిషేధం రెండు నెలలూ ఖాళీ,
తుపాను హెచ్చరికల వారం ఖాళీ.
నేను పాఠం చెప్పక ముందు నుంచే,
మామ్మ చూడకుండా, ఏడాదిన్నరగా గీస్తోంది ఈ పిల్ల.

గీత కింద రెండు వందల ముప్పై ఏడు.
గీత పైన రెండు వందల ముప్పై ఏడు.
పక్కన, రెండుసార్లు దిద్ది, ఒకటి.

ఒకటంటే తప్పకుండా జరిగేది.
నేనే రాయించాను. సోమవారం తర్వాత మంగళవారం లాగ.

ఎర్రపెన్ను మూత తీశాను.
తప్పు కొట్టడానికి చెయ్యి రాలేదు,
రైటు పెట్టడానికి ధైర్యం రాలేదు.
చాలాసేపటికి, ఆ ఒకటి పక్కన
చిన్న అక్షరాలతో రాశాను: ఇంతవరకు.

చదువుకుంది. తల ఊపలేదు.
క్యాలెండరు పాత మడతల మీదే మళ్ళీ మడిచింది.

"రేపు యేటుంది సారూ.
తెల్లారగట్ల కింద ఒకటి కలుపుతాను.
పైన,
ఒచ్చినాక."